అమ్మబోయే ఫ్లాటులో పాత బాత్‌రూం టైల్స్: పగలగొట్టకుండా, తక్కువ ఖర్చుతో

మీరు చెప్పిన వివరాలను ముందు ఒకచోట పెడతాను. కూకట్‌పల్లి వైపు 2004లో కట్టిన అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు, రెండు పడకగదులు, రెండు బాత్‌రూములు. ఒక్కొక్కటి 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. గోడలకు 7 అడుగుల ఎత్తు వరకు 8×12 అంగుళాల మెరుపు టైల్స్, నేలకు 12×12 టైల్స్. ఇన్నేళ్ళ బోరు నీళ్ళకు గోడలు తెల్లగా గారపట్టాయి, జాయింట్లు నల్లబడ్డాయి, నాలుగైదు టైల్స్ పగిలాయి. కింది ఫ్లాటులో ఒక పాత మచ్చ ఉంది. రెండు నెలల్లో అమ్మకానికి పెట్టాలి, రెండింటికీ కలిపి 25,000 రూపాయలు దాటకూడదు. టైల్ పెయింటు వేయించడమా, స్టిక్కర్లు అతికించడమా, పాత టైల్స్ మీదే కొత్తవి వేయించడమా అన్నది మీ ప్రశ్న.

ఈ మూడింటిలో ఏదీ మీకు మొదటి పని కాదు. మీరు డబ్బు పెట్టవలసినది టైల్స్ మీద కాదు, టైల్స్ మధ్య ఉన్న సందుల మీద. సిరామిక్ టైల్ పైనుండే గ్లేజు కొలిమిలో కాలి గాజులా గట్టిపడిన పొర కనుక, గోడ మీద దానికి ఇరవై ఏళ్ళు పెద్ద వయసు కాదు. పాడయ్యేది దాని మీద పేరుకున్న ఉప్పు, సందుల్లోని వైట్ సిమెంటు, కమోడు చుట్టూ, వాష్‌బేసిన్ చుట్టూ ఉండే అంచులు. కొనడానికి వచ్చేవారిలో చాలామంది, డిజైను నచ్చకపోతే రిజిస్ట్రేషను అయ్యాక మార్చుకుందామనే ఆలోచనతోనే వస్తారు. వారు బాత్‌రూములో వెతికేది అందం కాదు, నీరు ఎక్కడైనా దిగుతున్నదా, దానిని అమ్మేవారు కప్పిపెడుతున్నారా అన్న సంగతి. శుభ్రంగా ఉన్న పాత బాత్‌రూము వారికి ధైర్యాన్నిస్తుంది, హడావుడిగా రంగు పూసిన బాత్‌రూము అనుమానాన్నిస్తుంది. నా సలహా అంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది.

అందుకే పీచు చేతపట్టే ముందు ఒక పరీక్ష చేయండి. కింది ఫ్లాటు వారిని అడిగి, మీ బాత్‌రూముల కింద వారి పైకప్పు ఎలా ఉందో చూసి, ఫోటో తీసుకోండి. తరువాత నహానీ ట్రాపును, అంటే నేల మీది నీరు బయటికి పోయే రంధ్రాన్ని, గుడ్డతో గట్టిగా మూసి, నేల మీద అంగుళం లోతు నీరు నింపి, 24 గంటలు అలాగే ఉంచండి. గడప అంత ఎత్తు లేకపోతే గుమ్మం దగ్గర తడి మట్టితోనో సిమెంటుతోనో చిన్న కట్ట కట్టుకోవచ్చు. మరునాడు కింద కొత్తగా చెమ్మ కనిపిస్తే లోపం నేల జాయింట్లలోనో, ట్రాపు చుట్టూనో, కింది వాటర్‌ప్రూఫింగులోనో ఉన్నట్టు. మీ ఇంట్లో ఎవరూ నీళ్ళు వాడని రోజుల్లో కూడా కింద చుక్కలు ఆగకుండా పడుతుంటే లోపం గోడలోని నీటి పైపుల్లో ఉన్నట్టు. వాడినప్పుడే పడుతుంటే పోయే నీటి దారిలో, అంటే ట్రాపులోనో డ్రైనేజీ పైపులోనో ఉన్నట్టు. ఈ తేడా ముందు తెలియకపోతే ప్లంబరు ఒకచోట, మేస్త్రీ మరొకచోట తవ్వుతారు, మీ బడ్జెటు అక్కడే అయిపోతుంది.

అదే రోజున గోడల టైల్స్ అన్నిటినీ ఒక రూపాయి బిళ్ళతో తట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే పట్టు ఉన్నట్టు, డొల్ల శబ్దం వస్తే వెనుక ఖాళీ ఉన్నట్టు. ఆ కాలంలో చాలామంది మేస్త్రీలు టైల్ వెనుక మధ్యలో సిమెంటు ముద్ద పెట్టి గోడకు అద్దేవారు, కనుక మూలల దగ్గర కాస్త డొల్లగా ఉండడం సాధారణమే. టైల్ మొత్తం డొల్లగా మోగినా, అరచేతితో నొక్కితే కదిలినా దానిమీద చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. గుర్తులు నాలుగైదు దాటకపోతే కింద చెప్పే పద్ధతి మీకు సరిపోతుంది. గోడలో సగం డొల్లగా మోగితే పైపై పనికి డబ్బు పెట్టకండి. ఆ గోడను ఉన్నది ఉన్నట్టు చూపించి, ధరలో మాట్లాడుకోవడమే నయం.

ఇక శుభ్రం చేయడం. హైదరాబాదు చుట్టుపక్కల బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగునీటి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం, అంటే ఈ లవణాల లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. మన అపార్ట్‌మెంట్ల బోర్లలో చాలావాటి కాఠిన్యం ఆ మొదటి హద్దును దాటే ఉంటుంది. ఆ నీరు గోడ మీద ఆరిన ప్రతిసారీ సన్నని సున్నపు పొర మిగులుతుంది. దానికి సబ్బు తోడైతే మరొక చిక్కు: సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి నీటిలో కరగని జిడ్డుగా మారి ఆ పొర మీద పరుచుకుంటాయి. కాబట్టి మీ గోడ మీద ఉన్నది ఒకే మరక కాదు, జిడ్డూ సున్నమూ పొరలు పొరలుగా ఉన్న పూత. సున్నాన్ని ఆమ్లమే కరిగిస్తుంది, జిడ్డును క్షారమే వదిలిస్తుంది. చాలామంది మొదటే ఆమ్లం పోసి, పైనున్న జిడ్డు దానిని లోపలికి పోనివ్వకపోవడంతో, మరింత ఘాటైన ఆమ్లం కోసం దుకాణానికి పరుగెత్తుతారు.

వరుస ఇలా ఉండాలి. మొదటి రోజు వేడి నీటిలో బట్టల సోడా, గిన్నెలు తోమే ద్రవం కలిపి గోడంతా రాసి, పావుగంట నాననిచ్చి, నైలాను పీచుతో రుద్ది, బాగా కడగాలి. గోడ ఆరాక చూస్తే జిడ్డు పోయి, తెల్లని సున్నం ఒక్కటే కనిపిస్తుంది. రెండో రోజు, ముందుగా గోడను మామూలు నీటితో పూర్తిగా తడపాలి. సందుల్లోని సిమెంటు నీటిని పీల్చుకుని ఉంటే ఆమ్లాన్ని అంతగా లోపలికి పీల్చుకోదు. తరువాత లీటరు గోరువెచ్చని నీటికి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ఆ ద్రావణంలో పాత నూలు గుడ్డలు ముంచి గోడకు అంటించాలి. నిలువు గోడ మీద ద్రావణం జారిపోకుండా ఆపే తేలిక ఉపాయం ఇది. ఇరవై నిమిషాల తరువాత గుడ్డ తీసి రుద్దితే పొర చాలావరకు వదులుతుంది. కుళాయిల కింద, మూలల్లో మందంగా కట్టిన గారను తడిగా ఉండగానే పుట్టీ పట్టీ లాంటి పలుచని బ్లేడుతో, దాదాపు గోడకు ఆనించినట్టు వాలుగా పట్టుకుని గీకవచ్చు. ఆరిన టైల్ మీద బ్లేడు పెడితే గీతలు పడతాయి. రెండు మూడు విడతలు పడుతుంది. ఓపిక పడితే ఒక్క బాత్‌రూముకు అరకిలో నిమ్మ ఉప్పుతో పని పూర్తవుతుంది. బోరు నీటిలో ఇనుము ఉండి ఎర్రటి చారలు పడితే నిమ్మ ఉప్పు కంటే ఆగ్జాలిక్ ఆమ్లం బాగా పనిచేస్తుంది, కాని అది విషం కనుక గ్లోవ్స్ లేకుండా ముట్టవద్దు.

కిరాణా కొట్టులో సీసాల్లో అమ్మే బాత్‌రూం యాసిడ్ సంగతి వేరు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మెరుపు టైల్‌ను అది వెంటనే పాడుచేయదు కనుకనే పనివారు దానిని ఇష్టపడతారు. కాని సందుల్లోని వైట్ సిమెంటును అది సున్నంతో సమానంగా తినేస్తుంది. మీ జాయింట్లు గుంటలు పడి నల్లబడడానికి సగం కారణం ఇన్నేళ్ళుగా పనిమనిషి చేత పోయించిన ఆ యాసిడే అయి ఉంటుంది. దాని ఆవిరికి కుళాయిల క్రోమియం పూత మచ్చలు పడుతుంది, నహానీ ట్రాపు జాలీ తుప్పు పడుతుంది. ఇంకొక సంగతి: మన ఇళ్ళలో బాత్‌రూం గడపకు, అటకకు, అరలకు కడప బండో తాండూరు బండో వాడి ఉంటారు, కొన్నిచోట్ల మార్బుల్ ముక్క ఉంటుంది. ఇవన్నీ సున్నపురాయి జాతివే. వాటిమీద యాసిడే కాదు, నిమ్మ ఉప్పు నీరు పడినా నురగ వచ్చి మెరుపు పోతుంది, కనుక పని మొదలుపెట్టే ముందు ప్లాస్టిక్ కాగితం కప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ ఆమ్లాన్నీ బ్లీచింగుతో కలపకూడదు. అది విడుదల చేసే క్లోరిన్ వాయువు కిటికీ చిన్నదైన బాత్‌రూములో ప్రాణాపాయం. నాచుకు, నల్ల బూజుకు బ్లీచింగు ద్రవం వాడవలసి వస్తే ఆ పనిని మరొక రోజు, గోడ పూర్తిగా కడిగి ఆరాక చేయండి.

ఇంత చేశాక నేల టైల్స్ మీద ఎక్కడైనా మెరుపు తిరిగి రాకపోతే అక్కడ గ్లేజు అరిగిపోయిందని అర్థం. అరిగిన గ్లేజును ఏ రసాయనమూ తిరిగి తేదు. పాలిష్ పట్టి కొత్తగా చేస్తామనే మాటలు మార్బుల్‌కు, గ్రానైటుకు చెల్లుతాయి కాని సిరామిక్ టైల్‌కు చెల్లవు.

ఇప్పుడు అసలు పనికి, అంటే జాయింట్లకు వద్దాం. మీ గోడల లెక్క వేసి చూడండి: చుట్టుకొలత 26 అడుగులు, ఎత్తు 7 అడుగులు, తలుపూ కిటికీ తీసేస్తే సుమారు 160 చదరపు అడుగులు, అంటే 15 చదరపు మీటర్లు. 8×12 అంగుళాల టైల్స్‌లో చదరపు మీటరుకు 8 మీటర్ల పైచిలుకు జాయింటు ఉంటుంది. ఒక్క బాత్‌రూము గోడల్లోనే 125 మీటర్లు, నేలతో కలిపితే 150 మీటర్ల సందు ఉందన్నమాట. కొత్తగా వచ్చే 12×24 టైల్స్‌తో పోలిస్తే పాత చిన్న టైల్స్‌లో జాయింటు కంటికి ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. దానిని బాగుచేస్తే గది రూపు అంతగా మారడానికి కారణమూ ఇదే. సామాను ఖర్చు దీనిలో చిన్నది. మిల్లీమీటర్లలో టైల్ పొడవు వెడల్పుల మొత్తాన్ని వాటి లబ్ధంతో భాగించి, జాయింటు వెడల్పుతోను, లోతుతోను, చివర 1.6తోను గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని కిలోల గ్రౌటు, అంటే సందుల్లో నింపే ముద్ద, కావాలో వస్తుంది. 2 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల లోతుకు మీ గోడలకు 2 కిలోలు, నేలకు అరకిలో. వృథాతో కలిపి బాత్‌రూముకు 3 కిలోలు చాలు. దుకాణదారు పది కిలోలు అంటే నమ్మకండి. ఖర్చంతా ఆ 150 మీటర్లను గీకే చేతిపనిది.

పాత వైట్ సిమెంటును గీకకుండా దానిమీదే కొత్తది పూయడం మేస్త్రీలు చేసే మామూలు పని, అది మూడు నెలల్లో పెళ్ళలుగా ఊడుతుంది. కనీసం 3 మిల్లీమీటర్ల లోతు వరకు పాతది తీయాలి. దీనికి చేతితో పట్టుకునే జాయింటు గీకుడు బ్లేడు వాడమనండి. కటింగ్ మిషన్ వాడితే పని ఒక పూటలో అవుతుంది కాని చేయి కాస్త వణికినా గ్లేజు అంచు లేచిపోతుంది, ఆ గాయం పాత నల్ల జాయింటు కంటే వికారంగా ఉంటుంది. మరొక చిక్కు ముందే చూసుకోవాలి. ఆ రోజుల్లో కొందరు టైల్‌కు టైల్‌ను ఆనించి, సందు లేకుండా పేర్చేవారు. మీ గోడలో జాయింటు మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటే గ్రౌటు లోపలికి పోదు. అలాంటి చోట నీరు పడని పై భాగాన్ని బాగా శుభ్రం చేసి, గ్రౌటు పెన్నుతోనో జాయింటు రంగుతోనో సరిపెట్టి, స్నానం చేసే మూలలో మాత్రం నేర్పున్న మనిషి చేత సన్నని బ్లేడుతో సందు తీయించాలి.

ఎపాక్సీ గ్రౌటా (రెజిన్‌లో గట్టిపరిచే పదార్థం కలిపి వాడేది), సిమెంటు గ్రౌటా అన్నదానికి నా సమాధానం రెండూ అని. నేలకు, షవరు నీళ్ళు పడే గోడలకు ఎపాక్సీ వేయించండి. అది నీటిని పీల్చదు, మరక పట్టదు, ఆమ్లానికి లొంగదు. మిగిలిన గోడలకు పాలిమరు కలిసిన సిమెంటు గ్రౌటు చాలు, ధర అందులో చిన్న వంతు మాత్రమే. ఒకే రంగు పేరున్నా రెండు రకాలకూ ఛాయలో కొద్ది తేడా ఉంటుంది కనుక, ఒకటి ముగిసి మరొకటి మొదలయ్యే చోటు గోడ మధ్యలో కాక మూలలో ఉండేలా చూడండి. రంగు ఎంపికలో తెల్లదనానికి ఆశపడకండి. ఇరవై ఏళ్ళ క్రీము టైల్ పక్కన మల్లెపువ్వులాంటి తెలుపు పడితే టైల్ మరింత పసుపుగా కనిపిస్తుంది. టైల్ అసలు రంగుకు దగ్గరగా ఉండే ఐవరీనో లేత బూడిద రంగో రెండు టైల్స్ మధ్య పెట్టి, ఆరనిచ్చి, పగటి వెలుగులో చూసి నిర్ణయించండి.

ఎపాక్సీతో పనిచేసే మేస్త్రీని ఎన్నుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: పైన మిగిలిన మడ్డిని ఎప్పుడు తుడుస్తావు? సందు నింపిన కొద్దిసేపటికే, గట్టిపడక ముందే, గోరువెచ్చని సబ్బు నీటితో తుడుస్తానని చెప్పేవాడికి పని తెలుసు. రేపు పొద్దున వచ్చి యాసిడ్‌తో కడుగుతానని చెప్పేవాడు సిమెంటు పనికి అలవాటుపడినవాడు. ఎపాక్సీ పొర ఒకసారి గట్టిపడితే ఏ యాసిడ్‌కూ రాదు, గోడంతా మసకగా మిగిలిపోతుంది. కలిపిన ఎపాక్సీ మన ఎండాకాలంలో డబ్బా మీద రాసినదానికంటే త్వరగా బిగుస్తుంది, కాబట్టి కొంచెం కొంచెంగా కలపమనండి. సందులు పూర్తిగా పొడిగా ఉండాలి. గీకి కడిగాక ఆ బాత్‌రూమును రెండు రోజులు వాడకుండా ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి ఉంచండి. ఇందుకే రెండు బాత్‌రూములనూ ఒకేసారి మొదలుపెట్టవద్దు.

పగిలిన టైల్స్ విషయంలో మొదట మీ అటక వెతకండి. కట్టినప్పుడు మిగిలిన పెట్టె చాలా ఇళ్ళలో అక్కడే దుమ్ముపట్టి ఉంటుంది. అది లేకపోతే అచ్చంగా అదే టైల్ దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. మన మార్కెట్‌కు టైల్స్ చాలావరకు గుజరాత్‌లోని మోర్బి నుంచి వస్తాయి, అక్కడ డిజైన్లు ఏడాదికేడాది మారిపోతాయి, పైగా గోడలకు ఇప్పుడు నడుస్తున్నవి 12×18, 12×24 కొలతలు. అందుచేత ఒక్కొక్క టైల్‌కు ఒక్కొక్క దగ్గరి రంగు తెచ్చి అతుకులు వేయకండి. పగిలినవి ఒకే వరుసలోనో ఒకే మూలలోనో ఉంటే ఆ వరుస మొత్తం తీయించి, సాదా రంగు టైల్స్‌ను 8 అంగుళాల వెడల్పుకు కోయించి పట్టీలా వేయించండి. అది మరమ్మతులా కాక డిజైనులా కనిపిస్తుంది. చేపలు, గులాబీలు, హంసలు ఉన్న హైలైటర్ టైల్స్ ఆ కాలం ఇళ్ళలో తప్పనిసరి కనుక మీకూ ఉండే ఉంటాయి. వాటిని చూసి సిగ్గుపడవలసిన పని లేదు, పగలకపోతే వదిలేయండి. కొత్త టైల్‌ను, డొల్లగా మోగినవాటిని తిరిగి పెట్టేటప్పుడు సిమెంటు ముద్ద కాకుండా బస్తాల్లో దొరికే టైల్ అడ్హెసివ్‌ను వెనుక భాగమంతటా పరిచి పెట్టమనండి. పాత అరలు, టవలు రాడ్లు తీసిన రంధ్రాలను వైట్ సిమెంటుతో కాక, టైల్ రంగుకు కలిపిన ఎపాక్సీ పుట్టీతో పూడ్పించండి, లేదా అదే రంధ్రాల మీదికి వచ్చేలా కొత్త అర బిగించండి. రెండోది చవక.

టైల్ పెయింటు గురించి: రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ పెయింటు, గ్లేజును ఎమరీ కాగితంతో గరుకు చేసి, జిడ్డు లేకుండా తుడిచి, పూర్తిగా ఆరిన గోడకు వేస్తే పొడిగా ఉండే గోడల మీద కొన్నేళ్ళు నిలుస్తుంది. నేల మీద, షవరు మూలలో నిలవదు. బోరు నీటి గార దానిమీదా పడుతుంది, దానిని రుద్దితే రంగు లేస్తుంది. అమ్మకానికి పెట్టిన ఇంట్లో దీనికి మరొక నష్టం ఉంది. జాయింట్లతో సహా గోడంతా ఒకే రంగులో మెరుస్తుంటే, చూడటానికి వచ్చిన పెద్దమనిషి చేయి వేసి తడిమి, కింద ఏముందని అడుగుతాడు. స్టిక్కర్ల సంగతి అంతకన్నా తేలిక: తడి గోడకు వాటి అంచులు లేస్తాయి, వెనుక నాచు పడుతుంది, ఎంత పెట్టి కొన్నా చవకగానే కనిపిస్తాయి. అద్దె ఇంట్లో ఉండి సొంత సరదా కోసం వేసుకునేవారితో నాకు తగువు లేదు, మీకు మాత్రం వద్దు.

పాత టైల్స్ మీద కొత్త టైల్స్ వేయించడం గోడలకు మీ బడ్జెటులో కుదరదు. నేలకు, అదీ గ్లేజు బాగా అరిగి జారుతున్న ఒక బాత్‌రూముకు, ఆలోచించవచ్చు. 40 చదరపు అడుగుల నేలకు గరుకు రకం సిరామిక్ టైల్స్, ఒక 20 కిలోల అడ్హెసివ్ బస్తా, పనివారి కూలి కలిపి 6,000 నుంచి 7,000 రూపాయల దాకా రావచ్చు. ఐతే నేల ఎత్తు సుమారు 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గడప ఇంకా పైకే ఉంటుందా, తలుపు అడుగు భాగం కోయాలా, నహానీ ట్రాపు జాలీని కొత్త మట్టానికి లేపగలరా, నేల మీద కూర్చున్న కమోడు చుట్టూ టైల్‌ను గుండ్రంగా కోయగలరా అన్నవి ముందే చూసుకోవాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా వేయించకండి. అన్నిటికంటే ముందు, నీరు నింపిన పరీక్షలో నేల నెగ్గి ఉండాలి. కారే నేల మీద కొత్త టైల్ వేయడం వల్ల కారడం ఆగదు.

మిగిలినవి చిన్న పనులు, కాని కంటికి ఆనేవి. కమోడు అడుగున, వాష్‌బేసిన్ వెనుక పాత సిమెంటు పూతను, పసుపెక్కిన సిలికాన్‌ను పూర్తిగా గీకేసి, బూజు పట్టని శానిటరీ సిలికాన్‌ను రెండు పక్కలా టేపు అంటించి సన్నని గీతలా వేయించండి. కమోడు సీటు, నహానీ ట్రాపు జాలీలు, హెల్త్ ఫాసెట్, వాష్‌బేసిన్ కింది వేస్ట్ పైపు కొత్తవి వేయండి. కుళాయిలు మార్చనక్కరలేదు, మూతి దగ్గరి జల్లెడను నిమ్మ ఉప్పు నీటిలో నానబెట్టి, కారేవాటికి లోపలి స్పిండిల్ మార్పిస్తే చాలు. మసక వెలుగు బల్బు తీసి, అద్దం పైన మంచి తెల్లని ఎల్‌ఈడీ పెట్టండి. టైల్స్ పైనున్న రెండు మూడు అడుగుల గోడకు, సీలింగుకు, అటక అడుగు భాగానికి కొత్త రంగు తప్పకుండా వేయించండి. కింద ఎంత పని చేసినా పైన పొక్కులు ఊడుతుంటే అది కనబడదు.

లెక్క ఇలా వస్తుంది. శుభ్రం చేసే సామానుకు, గ్లోవ్స్‌కు 1,500. టైల్స్ మేస్త్రీ, సహాయకుడు బాత్‌రూముకు రెండేసి రోజులు పనిచేస్తే, ఇద్దరికీ కలిపి రోజుకు రెండు వేలు, రెండున్నర వేల మధ్య లెక్కన 8,000 నుంచి 10,000. రెండు రకాల గ్రౌటు, సిలికాన్, అడ్హెసివ్ కలిపి 4,000. ప్లంబరుకు, చిన్న ఫిట్టింగులకు 5,000. పై గోడల రంగుకు 2,000. ఈ ధరలు మీ వాడలో కాస్త అటూ ఇటూ ఉంటాయి. మిగిలిన రెండున్నర నుంచి నాలుగున్నర వేలను ముందే ఖర్చు పెట్టకండి. పాత బాత్‌రూములో ఒక యాంగిల్ కాక్ (గోడ పైపుకు బిగించే చిన్న వాల్వు) తిప్పబోతే గోడలోని పైపు విరగడం లాంటివి తప్పవు. నేల టైల్స్ కూడా కావాలంటే, రెండో బాత్‌రూములో ఎపాక్సీ మాని సిమెంటు గ్రౌటుతో సరిపెట్టుకుని, శుభ్రం చేసే పని మీరే చేసుకుని, ప్లంబరు పనిలో కారేవాటికే పరిమితం కావాలి.

చివరిగా, చెమ్మ సంగతి దాచవచ్చా అని మీరు అడగలేదు కాని, కింది ఫ్లాటులో పాత మచ్చ ఉందని ప్రస్తావించారు కనుక చెబుతున్నాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో వారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారే చెప్పాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షనే మోసంగా పరిగణిస్తుంది. కారుతున్న నేల మీద కొత్త గ్రౌటు నింపి నోరు మూసుకోవడం సరిగ్గా దీనికిందికే వస్తుంది. మచ్చ పాతదై, లోపాన్ని బాగుచేయించి ఉంటే, 24 గంటల పరీక్షకు ముందూ తరువాతా కింది పైకప్పు ఫోటోలను తేదీలతో దగ్గర పెట్టుకుని, అడగకముందే చూపించండి. నా అనుభవంలో దీనివల్ల బేరం చెడిన సందర్భాల కంటే, కొనేవారు కింది ఫ్లాటువారి నోట విన్నందువల్ల చెడినవే ఎక్కువ.

కొనేవారు ఎలాగూ బాత్‌రూములు మార్పించుకోవాలి కదా అంటూ రెండు మూడు లక్షలు తగ్గించమని అడుగుతారు. అందుకని ఇదే మేస్త్రీ చేత, ఒక బాత్‌రూమును పూర్తిగా పగలగొట్టి, వాటర్‌ప్రూఫింగు చేసి, 12×24 టైల్స్‌తో కొత్తగా కట్టడానికి ఎంతవుతుందో, చెత్త కిందికి దింపే ఖర్చుతో సహా, ఒక కాగితం మీద రాయించి తేదీ వేయించుకోండి. వారు నోటికొచ్చిన అంకె చెప్పినప్పుడు ఆ కాగితం బయటికి తీయండి. తగ్గింపు ఇవ్వవలసి వచ్చినా ఒక బాత్‌రూముకు, ఆ అంకెలో సగానికి మించి ఒప్పుకోవద్దు.